తుంపాత్ కళాకేంద్రం: పది నెలల డిజైన్ డైరీ

జనవరి 12, ఆదివారం

ఈ రోజు సైటు చూసొచ్చాం. మలేసియాలోని కెలాంతాన్ రాష్ట్ర రాజధాని కోతా బారూ నుంచి నది దాటి తుంపాత్ వైపు అరగంట ప్రయాణం. ఎకరంన్నర నేల, ఒక పక్క కొబ్బరి తోట, ఇంకో పక్క వరిమడి, వెనక నదిలో కలిసే చిన్న కాలువ. ఆదివారమైనా ఇక్కడ పనిరోజే. కెలాంతాన్‌లో సెలవులు శుక్ర, శనివారాలు, కౌలాలంపూర్‌లో మా ఆఫీసుకి శని, ఆదివారాలు, అంటే వారంలో నాలుగు రోజులే రెండు వైపులా ఫోన్లు ఎత్తుతారు. ఈ లెక్క మొదటే రాసిపెట్టుకుంటున్నా.

నాది ధర్మవరం. పదకొండేళ్ళుగా మలేసియాలో ఆర్కిటెక్టుగా పనిచేస్తున్నా. మలయ్ సంప్రదాయ కళలకి ఒక కేంద్రం కట్టాలని ఇక్కడి ఒక కుటుంబ ట్రస్టు మా దగ్గరికి వచ్చింది. వాయాంగ్ కులిత్ అనే తోలుబొమ్మలాట, మక్ యోంగ్ అనే ఆటాపాటా కలిసిన నాటకం, దికిర్ బారత్ పాట, సిలాత్ సాము, ఇవి ఆడటానికి చోటు కావాలి. వావ్ గాలిపటాలు, గాసింగ్ బొంగరాలు, బాతిక్, సోంగ్కెట్ నేత, చెక్కడం పని, ఇవి చేయడానికి చోటు కావాలి. వాళ్ళిచ్చిన కాగితంలో 'చూపించడం' అన్న మాట ఏడుసార్లు ఉంది, 'నేర్పడం' ఒక్కసారే ఉంది. ఆ ఒక్కదాని కింద గీత గీసుకున్నా.

పక్కింటి పెద్దాయన తన ఇంటి స్తంభం మీద కత్తితో పెట్టిన గాటు చూపించారు. 2014 డిసెంబరు వరద అక్కడిదాకా వచ్చిందట, సరిగ్గా నా నడుం ఎత్తు. ఆ వరదకి ఇక్కడ పేరుంది, 'బా కునింగ్', పసుపు వరద. 1926లో వచ్చినదాన్ని ఎర్రనీటి వరద అంటారు. వరదలకి పేర్లు పెట్టుకుని గుర్తుంచుకునే ఊళ్ళో కడుతున్నాం కాబట్టి ప్లాన్ కంటే ముందు సెక్షన్, అంటే ఎత్తులు చూపే నిలువుకోత బొమ్మ, గీయాలి. ఆయన ఇల్లు మాత్రం స్తంభాల మీద తలెత్తు పైన నిలబడి ఉంది, కింద సైకిళ్ళు, కోళ్ళు, ఊయల. ఆ కింది చోటుని కోలొంగ్ అంటారు.

జనవరి 21

ఆఫీసులో మొదటి రివ్యూ. నేను సైటులో ఉన్న వారంలో మా టీం ఒక స్కీం తయారుచేసింది. పైనుంచి చూస్తే భవనం మొత్తం వావ్ బులాన్ ఆకారం, అంటే కింది భాగం నెలవంకలా ఉండే కెలాంతాన్ గాలిపటం. ఆ ఆలోచన ఎందుకొచ్చిందో అర్థమవుతుంది. 1989లో వచ్చిన 50 సెన్ నాణెం మీద ఆ పటమే, దేశపు విమానాల తోక మీదా వావే, కౌలాలంపూర్‌లో 1999లో తెరిచిన ఇస్తానా బుదాయా కప్పుకీ అదే ప్రేరణ అంటారు.

నేను ఒప్పుకోలేదు. కింద చాప మీద కూర్చున్న మనిషికి ఆ ఆకారం కనిపించదు, అది విమానంలో వెళ్ళేవాళ్ళకీ మా ప్రెజెంటేషన్‌కీ మాత్రమే. పైగా నెలవంక కొసల్లో వచ్చే గదుల్లో ఒక మగ్గం కూడా తిన్నగా పట్టదు. వావ్ ఆకారంలో ఉన్న ఇల్లు నాకొద్దు, వావ్ కట్టడానికి వీలుండే ఇల్లు కావాలి అన్నాను. వాదన గంటన్నర నడిచింది. చివరికి మా బాస్ నాకు మూడు వారాలు ఇచ్చారు, ఏ కళకి ఎంత చోటు, ఎంత ఎత్తు, ఎంత వెలుతురు కావాలో టేపుతో కొలుచుకుని రమ్మన్నారు. ఆ మూడు వారాలు చాలవని అప్పుడే తెలుసు, అయినా సరే అన్నా.

ఫిబ్రవరి 5

వాయాంగ్ కులిత్. ఈ రోజు గురించి ఎక్కువ రాస్తాను.

ఆట ఆడించే ఆయన్ని దలాంగ్ అంటారు, పెద్దవాళ్ళని గౌరవంగా తోక్ దలాంగ్ అని పిలుస్తారు. ఆయన ఇంటి పెరట్లో వేదిక ఉంది, పంగ్గుంగ్ అంటారు, స్తంభాల మీద నిలబెట్టిన చిన్న గుడిసె లాంటిది, మూడు వైపులా తడికలు, ముందు వైపు తెల్లటి తెర. నేను కొలిచింది 3.6 మీటర్లు అడ్డం, 3.2 మీటర్లు లోతు. ఇంత చోటులో దలాంగ్ కాక ఎనిమిది మంది వాయిద్యగాళ్ళు కూర్చుంటారు! గెండాంగ్, గెదుంబక్, గెదుక్ డప్పులు జతలు జతలుగా, పైనుంచి వేలాడే రెండు పెద్ద తెతావక్ గంటలు, చానాంగ్, తాళాల్లాంటి కెసి, వీటన్నిటి మీద సెరునాయ్. సెరునాయ్ మొదలవగానే నాకు మా ఊరి పెళ్ళిళ్ళ సన్నాయి గుర్తొచ్చింది, పేరు కూడా దాదాపు అదే కదా.

ధర్మవరం పక్కనే నిమ్మలకుంట, తోలుబొమ్మల ఊరు. చిన్నప్పుడు నేను చూసిన ఆటలో బొమ్మలు మనిషెత్తు, రంగులు తెర మీద మెరిసేవి, వెనక ముగ్గురు నలుగురు నిలబడి గజ్జెలు కట్టుకుని ఆడించేవాళ్ళు. ఇక్కడ బొమ్మలు చిన్నవి, చాలావాటికి ఒక్క చెయ్యే కదులుతుంది, ఆడించేది ఒక్క మనిషి, కూర్చునే. అన్ని గొంతులూ ఆయనవే. కథ మాత్రం మనదే, కానీ దానికి పేరు మహారాజా వనా కథ, అంటే రావణుడి కథ. సెరి రామా, సితి దేవి, లక్ష్మణా ఉన్నారు, హనుమంతుడు మాత్రం ఇక్కడ రాముడి కొడుకు. మన బంగారక్క, జుట్టుపోలిగాడు చేసే పని ఇక్కడ పక్ దోగోల్, వక్ లోంగ్ చేస్తారు. జుట్టుపోలిగాడి గురించి నాకు వచ్చిన మలయ్‌లో చెబితే తోక్ దలాంగ్ బొమ్మని పక్కన పెట్టి మరీ విన్నారు.

డిజైన్‌కి పనికొచ్చే విషయాలు: బొమ్మల పుల్లలు గుచ్చడానికి తెర అడుగున అరటి బోదె పెడతారు, అది పచ్చిగా ఉండాలి, ఆట ఆటకీ కొత్తది. కాబట్టి సైటులో అరటి చెట్లు ఉండాలి, లాండ్‌స్కేప్ డ్రాయింగ్‌లో అలంకారానికి కాదు, పనికి. అరటి బోదె నీరు కారుతుంది, కాబట్టి అక్కడి పలకల మధ్య సందులు ఉండాలి. దీపం దలాంగ్ తల ముందు వేలాడుతుంది, ఇప్పుడు బల్బే అనుకోండి, దాన్ని ఆయన చేత్తో కదిలిస్తారు, అందుకని దూలం ఆయన కూర్చున్న చోటికి తిన్నగా పైన రావాలి. ఇవేవీ ఏ స్టాండర్డ్ పుస్తకంలోనూ లేవు.

ఫిబ్రవరి 19

పంగ్గుంగ్‌ని పెద్ద ఆడిటోరియం లోపల పెట్టాలన్నది ట్రస్టులో కొందరి కోరిక, ఏసీ ఉంటుంది, టూరిస్టులు వస్తారు అని. సరే, పరీక్షిద్దాం అనుకున్నాం. ఇక్కడికి దగ్గర్లో ఒక కాంక్రీటు హాలు ఒక పూటకి అద్దెకి తీసుకుని, తోక్ దలాంగ్ బృందంలో ఆరుగుర్ని కూర్చోబెట్టి పది నిమిషాలు వాయించమన్నాం. నాలుగో నిమిషానికి వెనక వరసలో ఉన్నవాళ్ళు చెవులు మూసుకున్నారు. సెరునాయ్ ఆరుబయట పొలాల మీదుగా అర మైలు వినపడటానికి పుట్టిన వాయిద్యం, దాన్ని నాలుగు గోడల మధ్య బంధిస్తే శబ్దం గోడకి కొట్టుకుని తిరిగొచ్చి దలాంగ్ మాటల్ని మింగేస్తుంది. మాటలు వినపడకపోతే వక్ లోంగ్ హాస్యం పోయింది, హాస్యం పోతే ఆటే పోయింది.

నిర్ణయం: పంగ్గుంగ్ బయటే. ముందు ఆకాశం, జనానికి చాపలు, వాన వస్తే పరిగెత్తడానికి పక్కనే లోతైన వసారా.

మార్చి 11

రంజాన్ నెల. ప్రదర్శనలు ఉండవు, గురువుల్ని పగలు ఇబ్బంది పెట్టడం నాకే ఇష్టం లేదు. ఈ నెలంతా పాత కట్టడాలు చూడటం, గీయడం.

కోతా బారూలో ఇస్తానా జహర్, 1887 నాటిది. తలుపుల పైన, కిటికీల పైన చెక్కడం అంతా ఆరపార తొలిచిందే, తీగ ఒక మూల మొలిచి పలకంతా పాకి మళ్ళీ లోపలికి వంగుతుంది, కొస ఎప్పుడూ పొడుచుకుని బయటికి రాదు. అందం ఒకటే కాదు, గాలి వస్తుంది, పగటి వెలుతురు ముక్కలై నేల మీద పడుతుంది. మధ్యాహ్నం రెండింటికి లోపల నిలబడితే చల్లగా ఉంది. కెలాంతాన్ చెక్కడం పని గొప్పదనం గురించి మాట్లాడితే ఇక్కడ అందరూ 2002లో పోయిన నిక్ రషిద్దీన్ పేరు ఎత్తుతారు, ఆయన పని ఒకటి దగ్గర్నుంచి చూశాక మా టీంలో ఎవరూ మెషీన్ కటింగ్ మాట ఎత్తలేదు. మొత్తం భవనానికి చెక్కడం మా బడ్జెట్‌కి అందదు. కాబట్టి ఇరవై నాలుగు పలకలే పెడదాం, చేత్తో చేసినవి, నేర్చుకునే పిల్లలు గురువు దగ్గర కూర్చుని ఏడాదికి కొన్ని చొప్పున చేసేవి. మిగతా ఫ్రేములు ఖాళీగా, సాదా కర్ర పట్టీలతో మొదలవుతాయి.

తర్వాత కంపుంగ్ లావుత్ పాత మసీదు. మూడంతస్తుల కప్పు, చెంగల్ అనే గట్టి బరువైన కర్ర, ఒక కర్రలో తొలిచిన రంధ్రంలోకి ఇంకో కర్ర కొన దూర్చి చీలలు బిగించిన నిర్మాణం. మేకుల మీద ఆధారపడని కట్టడం కాబట్టే, 1960ల వరదల్లో దెబ్బ తిన్నప్పుడు 1968లో దాన్ని విప్పి నీలంపురికి మోసుకెళ్ళి మళ్ళీ బిగించగలిగారు, ఈ మధ్య మళ్ళీ తన ఊరి ఒడ్డుకే తెచ్చారు. ఒక భవనం రెండు ప్రయాణాలు చేసింది! ఆ రాత్రి హోటల్‌కి వచ్చి పంగ్గుంగ్ డ్రాయింగ్ అంతా చెరిపేశాను. మేకులు, బోల్టులు తీసేసి చీలలతో మళ్ళీ గీశాను, నలుగురు మనుషులు ఒక పూటలో విప్పి పడవలోనో లారీలోనో వేసుకునేలా. వేరే ఊరికి ఆట వెళ్ళాలంటే వేదిక కూడా వెళ్ళొచ్చు.

ఏప్రిల్ 24

మక్ యోంగ్ నేర్పే పెద్దావిడ ఇంటికి వెళ్ళాం. మక్ చిక్ అని పిలుస్తాం, పిన్నిగారు అన్నట్టు. నేను డ్రాయింగ్ విప్పగానే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు.

"రెబాబ్ ఎక్కడ కూర్చుంటుందో ముందు చెప్పు నాక్, గోడల సంగతి తర్వాత."

నాక్ అంటే బిడ్డా అని. రెబాబ్ మూడు తీగల వాయిద్యం, కమానుతో వాయిస్తారు. మక్ యోంగ్ మొదలయ్యేది 'మెంగాదప్ రెబాబ్'తో, ఆడేవాళ్ళందరూ రెబాబ్ వైపు తిరిగి కూర్చుని, నెమ్మదిగా చేతులు విప్పుతూ పాడతారు, ఆ తర్వాత లేచి వలయంగా తిరుగుతారు. రెబాబ్ తూర్పున ఉండాలి. మా ప్లాన్‌లో తూర్పున మరుగుదొడ్లు ఉన్నాయి. ఆవిడ ఏమీ అనలేదు, నేనే పెన్సిల్ తీసి కొట్టేశాను.

రాజు వేషం, పక్ యోంగ్, వేసేది ఆడవాళ్ళే. మగవాళ్ళు ఎక్కువగా హాస్యగాళ్ళు, పెరాన్‌లు. ఆవిడ ఇరవైల్లో పక్ యోంగ్ వేశారు. 1991లో కెలాంతాన్ రాష్ట్ర ప్రభుత్వం మక్ యోంగ్, వాయాంగ్ కులిత్ లాంటివాటిని మతానికి విరుద్ధమని నిషేధించింది. 2005లో యునెస్కో మక్ యోంగ్‌ని మానవాళి వారసత్వ కళాఖండంగా ప్రకటించినప్పుడు కూడా, అది పుట్టిన నేల మీదే బహిరంగంగా ఆడటానికి అనుమతి లేదు. 2019లో షరతులతో నిషేధం ఎత్తేశారు. మధ్యలో 28 ఏళ్ళు. "నా కూతురు నేర్చుకోలేదు. మనవరాలు అడుగుతోంది," అన్నారు. అంతకంటే ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆవిడ అరుగు మీద, మోకాళ్ళ నొప్పితోనే, మెంగాదప్ రెబాబ్‌లో చేతుల కదలిక చూపించారు. వేళ్ళు వెనక్కి వంగి, మణికట్టు తిరిగి, చెయ్యి ముందుకి సాగి ఆగడానికి పూర్తిగా ఒక నిమిషం పట్టి ఉంటుంది. నేను ఫోన్ తియ్యలేదు. ఈ కేంద్రంలో అన్నిటికంటే మంచి గది మ్యూజియం గది కాకూడదని, ఆవిడ దగ్గర పన్నెండు మంది పిల్లలు కూర్చుని ఈ చెయ్యి నేర్చుకునే గది కావాలని, కారులో తిరిగొస్తూ గట్టిగా అనుకున్నా.

మే 8

ప్లాన్ ఇప్పుడిలా ఉంది. మధ్యలో పెద్ద మక్ యోంగ్ మండపం, 9 మీటర్లకి 9 మీటర్లు, మధ్యలో స్తంభం లేదు, మూడు వైపులా తెరిచి ఉంటుంది, తూర్పున రెబాబ్ అరుగు. మలయ్ ఇంటిలో అసలు ఇల్లు రుమా ఇబు, ముందు వసారా సెరాంబి, వెనక వంటిల్లు దాపుర్, రెంటినీ కలిపే సన్నటి దారి సెలాంగ్. మేమూ అదే వరసలో వెళ్ళాం: ముందు సెరాంబిలో దికిర్ బారత్ వాళ్ళు బాసింపట్టు వేసుకుని కూర్చుని చప్పట్లతో పాడుకోవచ్చు, వెనక సెలాంగ్ దాటితే నేర్పే గదులు, చివర వంటిల్లు. వంటిల్లు ఎందుకని ఆఫీసులో అడిగారు. ఆట ఉన్న రాత్రి అరవై మందికి అన్నం వండాలి, అందుకు.

సిలాత్‌కి నేలే కావాలి, కొబ్బరి తోట పక్క ఇసుక కలిపిన మట్టి చదును చేస్తే చాలు.

మే 19

సోంగ్కెట్ గది దగ్గర ఆగిపోయాను. సోంగ్కెట్ అంటే పట్టు మీద బంగారు జరీ పోగులతో పువ్వులు నేయడం, 2021లో దీన్ని కూడా యునెస్కో గుర్తించింది. నాన్నకి వీడియో కాల్ చేశాను. నాన్న నలభై ఏళ్ళు గుంటమగ్గం మీద కూర్చున్న మనిషి.

"నేలకి ఎనిమిదడుగుల పైన మగ్గమా? గుంట లేకపోతే పడుగుకి తేమ ఎట్లా వస్తుందమ్మా?"

ఇక్కడ గాలిలోనే తేమ ఎక్కువ నాన్నా, గుంట అక్కర్లేదు, ఇక్కడి మగ్గం కర్ర చట్రం మీద నిలబడుతుంది అని చూపించాను. చాలాసేపు వీడియోలో నాడె వెళ్ళే దారీ జరీ పోగు ఎత్తే తీరూ చూశారు. తర్వాత అడిగినది ఒక్కటే, "వెలుతురు ఎటు నుంచి?" దక్షిణం నుంచి అన్నాను, ఎందుకంటే పొలం అటు ఉంది, చూడటానికి బాగుంటుందని. "జరీ మీద ఎండ పడితే కళ్ళు పోతాయి. ఉత్తరం తెరువు." తెరిచాను. నాన్న చెప్పింది నేను అయిదేళ్ళు చదువుకున్నాను, పొలం అందంగా కనబడుతుందని అది పక్కన పెట్టేశాను, ఈ తప్పు ఇంకోసారి చేయకూడదు.

జూన్ 15

వావ్ వర్క్‌షాప్. ఒక గురువు దగ్గర మూడు రోజులు కూర్చున్నాం. వెదురు చీల్చి, ఆరబెట్టి, సన్నగా చెక్కి, రెండు రెక్కలు ఒకే బరువు వచ్చేదాకా వేలి మీద తూచి చూస్తారు. తర్వాత కాగితం మీద కాగితం, పువ్వుల తీగలన్నీ కత్తితో కోసి అంటించినవే. తల దగ్గర విల్లులాంటి బుసుర్ కడతారు, గాలికి అది గుయ్యిమంటుంది, కోతలయ్యాక రాత్రంతా పటాన్ని కొయ్యకి కట్టి వదిలేసి ఆ మోత వింటూ పడుకుంటారట.

పూర్తయిన పెద్ద వావ్ బులాన్ రెండున్నర మీటర్ల వెడల్పు, మూడున్నర పొడవు. దాన్ని మా గదిలోంచి బయటికి ఎలా తీస్తారు? తలుపు ఎత్తు 2.1 మీటర్లు. నిలువుగా తిప్పినా, పక్కకి వంచినా దూరదు. ఆరుగురం నాలుగు నెలలుగా చూస్తున్న డ్రాయింగ్ ఇది, ఎవరికీ తట్టలేదు, గురువుగారి పదకొండేళ్ళ మనవడు అడిగాడు. వర్క్‌షాప్‌ని పైనుంచి తీసి కింద కోలొంగ్‌లోకి మార్చాం, పొలం వైపు తలుపే లేదు, అంతా ఖాళీ. పటం తయారైతే అలాగే నడిపించుకుంటూ గాలిలోకి వెళ్ళిపోవచ్చు.

గాసింగ్ కూడా కిందే. ఇది పిల్లల బొంగరం కాదు, అయిదు కిలోల దాకా ఉంటుంది, తాడు చుట్టి భుజం మీంచి విసిరితే నేల అదురుతుంది, అది తిరుగుతుండగానే చెక్కతో ఎత్తి చిన్న కొయ్య మీద నిలబెడితే గంట పైన తిరుగుతూనే ఉంటుంది. కాంక్రీటు మీద విసిరితే మొన పాడవుతుంది, కాబట్టి దిమ్మిస కొట్టిన బంకమట్టి, చుట్టూ చూసేవాళ్ళు నిలబడటానికి దూరం. బాతిక్‌కి నీళ్ళు, పొయ్యి, గుడ్డ ఆరేసే పొడుగాటి వరస. రంగు నీళ్ళు తిన్నగా కాలువలోకి పోకూడదు, ఆపే తొట్టెలు రెండు పెట్టాం.

జూలై 27

కప్పు. ఇక్కడి పాత ఇళ్ళకి సింగోరా పెంకులు, పల్చటి ఎర్ర పెంకులు, పేరు థాయిలాండ్‌లోని సోంగ్‌ఖ్లా పాత పేరు నుంచి వచ్చింది. బచోక్ దగ్గర పాత పద్ధతిలో చేసే ఒకే ఒక్క చోటు మిగిలిందంటారు, అక్కడికి వెళ్ళాం. మట్టి తొక్కడం, అచ్చులో పొయ్యడం, నీడన ఆరబెట్టడం, కట్టెల బట్టీలో రోజుల తరబడి కాల్చడం. చేతిలోకి తీసుకుంటే బిస్కెట్టులా తేలిక. కింద రీపర్లకి కొక్కెంలా తగిలించుకుంటూ పొరలు పొరలుగా పేరుస్తారు, సందుల్లోంచి వేడి గాలి పైకి పోతుంది. కానీ మనిషి ఎక్కితే పగులుతాయి, మాకు కావలసినన్ని చేయడానికి చాలా నెలలు పడుతుంది.

ఖర్చు చూసే అబ్బాయి మొత్తం రేకులు వేసేద్దామన్నాడు. ఇక్కడి వానలో రేకు కింద నిలబడి రెబాబ్ వినమని అడిగాను. చివరికి మండపానికి, నేర్పే గదులకి సింగోరా, వంటిల్లు, మరుగుదొడ్లు, స్టోరుకి రేకు. పెంకుల ఆర్డర్ ఇప్పుడే, భవనం అనుమతి రాకముందే ఇవ్వాలని ట్రస్టుని ఒప్పించాం. అనుమతి ఆలస్యమైతే పెంకులు కోలొంగ్ లాంటి నీడలో ఎదురుచూస్తాయి, పాడవవు.

ఆగస్టు 31

చెడ్డ నెల. నమూనా పంగ్గుంగ్ కోసం తెప్పించిన చెంగల్ కర్రలో సగం చెంగల్ కాదు. చెంగల్ ఆరాక కూడా ఘనపు మీటరుకి 900 కిలోల పైన తూగుతుంది, ఇది ఎత్తగానే వడ్రంగి తోక్ ముఖం మారిపోయింది. మిగతా సగం చెంగలే కానీ పచ్చిది, రెండు వారాల్లో మెలి తిరిగింది. పంపినవాళ్ళతో ఫోన్లు, ఈమెయిళ్ళు, చాలా టెన్షన్. డబ్బు కొంత వెనక్కి వచ్చింది, అయిదు వారాలు మాత్రం రాలేదు. ఇకమీదట పాత ఇళ్ళు విప్పినప్పుడు దొరికే కర్రే కొందాం అన్నారు తోక్, అది యాభై ఏళ్ళు ఆరి ఉంటుంది, పాత చీలల రంధ్రాలు కనబడినా పర్వాలేదు. నాకు ఆ రంధ్రాలు కనబడటమే ఇష్టం.

సెప్టెంబరు 28

నమూనా పంగ్గుంగ్ సైటులో నిలబడింది! వరదని దృష్టిలో పెట్టుకుని నేల నుంచి 1.8 మీటర్ల ఎత్తున పెట్టాను. తోక్ దలాంగ్ ఎక్కి గంట ఆడించారు, ఊళ్ళోవాళ్ళు ఎనభై మంది దాకా వచ్చారు. పావుగంటకే ముందు కూర్చున్న పిల్లలు ఒక్కొక్కరుగా వెనక్కి జరగడం మొదలుపెట్టారు. మెడలు నొప్పి. ముసలివాళ్ళు మధ్యలో లేచి వెళ్ళిపోయారు. దాన్ని 1.2 మీటర్లకి దించుతున్నాం, నేల కొంచెం వెనక్కి లేచేలా ఏటవాలు చేస్తున్నాం. వరదొస్తే? దానికే కదా విప్పి మోసుకెళ్ళేలా కట్టింది, వానాకాలంలో పంగ్గుంగ్ విప్పి మండపం కిందే, నీళ్ళకి అందని ఎత్తున కట్టేసి ఉంటుంది. ఇంత చిన్న మాట తట్టడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

అక్టోబరు 19

ట్రస్టు సమావేశం, నాలుగు గంటలు. ఆట మొదట్లో చేసే 'బుకా పంగ్గుంగ్', వేదిక తెరిచే తంతు, దాని గురించి. పెద్ద కళాకారులకి అది లేకుండా ఆట మొదలవదు. 2019 షరతుల ప్రకారం మతానికి విరుద్ధమైనవేవీ ఉండకూడదు, స్త్రీ పురుషులు కలిసి ఆడటం మీదా నియమాలు ఉన్నాయి. గదిలో ఉన్నవాళ్ళందరూ ఇదే ఊరివాళ్ళు, ఇదే మసీదుకి వెళ్ళేవాళ్ళు, అందరికీ ఈ కళల మీద ప్రేమే, అయినా ఒకరి మాట ఒకరికి గుచ్చుకుంది. నేను బయటిదాన్ని, ఇందులో తీర్పు చెప్పే హక్కు నాకు లేదు. నా అభిప్రాయం మాత్రం ఉంది: ఏది వదిలేయాలి, ఏది ఉంచాలి అన్నది ఆడేవాళ్ళే తేల్చుకోవాలి, వాళ్ళు తేల్చుకునేదాకా భవనం ఏ దారినీ మూసేయకూడదు. కాబట్టి పంగ్గుంగ్ వెనక, తూర్పు అరుగు పక్క, రెండు చిన్న గదులు పేరు పెట్టకుండా వదిలాను. డ్రాయింగ్‌లో 'గది 7', 'గది 8', అంతే. మక్ చిక్ వాటిని చూసి తల ఊపారు.

బొమ్మల గది కూడా తేలింది. తోలు బొమ్మలకి తేమ ఎక్కువైతే బూజు, ఏసీలో ఉంచితే ఎండి పగుళ్ళు. ఏసీ లేదు, రెండు వైపులా చెక్కడం పలకల్లోంచి గాలి, మరీ తేమ రోజుల్లో తేమ లాగే చిన్న యంత్రం. బొమ్మలు పెట్టెలో కాకుండా వేలాడుతూ ఉంటాయి, గదిలోకి వచ్చిన పిల్లలకి అన్నీ కనబడేలా.

నవంబరు 26

వారం నుంచి ఆగని వాన. నిన్న రాత్రి కాలువ పొంగి సైటులోకి నీళ్ళొచ్చాయి. తోక్ దలాంగ్ మనవళ్ళు, వడ్రంగి శిష్యులు సాయంత్రమే పంగ్గుంగ్ విప్పేశారు, గంటా నలభై నిమిషాలు పట్టింది, చీలలన్నీ ఒక సంచిలో వేసి మీద నంబర్లు రాశారు. నేను రబ్బరు బూట్లు వేసుకుని కొలకర్ర పట్టుకుని తిరిగాను: కాలువ గట్టు దగ్గర 64 సెంటీమీటర్లు, మండపం వచ్చే చోట 41. మా నేల ఎత్తు 2.4 మీటర్లు, 2014 గాటు కంటే మీటరు పైన. ఈ సంఖ్యలు చూశాక రాత్రి కాస్త నిద్ర పట్టింది.

మధ్యాహ్నం మక్ చిక్ పడవలో వచ్చారు, మనవరాలు తెడ్డు వేస్తోంది. కర్రలతో పాతిన నమూనా మెట్లు ఉన్నాయి కదా, అయిదు, వాటి దగ్గరికి వచ్చి ఆగారు. పడవ కట్టడానికి ఏమీ లేక మనవరాలు మెట్టు పట్టుకుని కూర్చుంది, ఆవిడ దిగడానికి నేను చెయ్యి ఇచ్చాను.

"వానాకాలంలో క్లాసు ఉండదా?" అని అడిగారు.

ఉంటుంది మక్ చిక్, అన్నాను. నాలుగో మెట్టు పక్క స్తంభానికి పడవ కట్టే ఇనుప కడియం, కుడి చేతి వైపు. రేపు పొద్దున్నే మెట్ల డ్రాయింగ్‌లో చేర్చి పంపాలి.